ప్రేమ దొరికితే కోలుకున్నట్టేనా? ఆఫ్రికన్ అమెరికన్ నవలల మీద ఒక ఫిర్యాదు

అరఠావు
పెర్ల్ క్లీజ్ నవలలు రెండు, టెర్రీ మెక్‌మిలన్‌ది ఒకటి వరసబెట్టి చదివితే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. దెబ్బతిన్న ఆడమనిషి, ఆమె తలదాచుకునే ఊరో పేటో, అక్కడ నెమ్మదిగా మాట్లాడే మంచి మగాడు. చివరికొచ్చేసరికి మత్తూ వదులుతుంది, దిగులూ వదులుతుంది. ప్రేమేమన్నా యాంటీబయాటిక్కా, ఐదు రోజులు వేసుకుంటే తగ్గిపోవడానికి?
ఎనిమిది మందిమి ఆరు వారాలు కలిసి చదవడానికి జాబితా వెయ్యాలి. ప్రేమ, కోలుకోవడం, చుట్టూ ఉన్న జనం, ఈ మూడూ ఉండాలి. 1980కి ముందువి వద్దు. ఉత్త పేర్లు పడేసి పోకండి, ఎందులో ఎవరు ఎలా కోలుకుంటారో చెప్పండి.

నల్లసిరా
మొదటి మాటే తప్పు. క్లీజ్ "వాట్ లుక్స్ లైక్ క్రేజీ ఆన్ యాన్ ఆర్డినరీ డే" (1997)లో ఏవాకి ఉన్నది హెచ్ఐవి. ప్రియుడు ఎడ్డీ వచ్చినంత మాత్రాన అది ఎక్కడికీ పోలేదు. పోయిందల్లా "ఇక నాకు ఇవన్నీ ఉండవు" అని ఆమె వేసుకున్న లెక్క.
పైగా ఆ పుస్తకానికి ఇరుసు ఎడ్డీ కాదు, అక్క జాయిస్. చిన్న వయసు తల్లుల్ని కూడగట్టి ఆవిడ నడిపే "సూయింగ్ సర్కస్" చూడండి. స్వేచ్ఛగా బతకాలనుకునే ఆడవాళ్లకి తెలిసుండాల్సినవి పది అని జాబితా రాస్తుంది. కూరలు, పూలు పండించడం, ఒంటికి పట్టేలా వండటం, ఆత్మరక్షణ, ప్రథమచికిత్స, పిల్లల్ని సాకడం, మ్యాపు చూడటం, బండికీ ఇంటికీ చిన్న రిపేర్లు, ఇంటి ఖర్చుల లెక్క... ప్రేమకథలో పట్టే సరుకేనా ఇది? కొత్త పాస్టరు భార్యకి ఈ గుంపు పొడ గిట్టదు. అసలు గొడవ అక్కడుంది.

పెసరట్టు_ఫుట్‌నోట్
బండి రిపేరు తెలిసిన హీరోయిన్! మన వారపత్రిక సీరియల్లో అయితే బండి ఆగాలి, వాన పడాలి, హీరో బోనెట్ ఎత్తాలి. ఆ జాబితా ఉంటే సీరియల్ రెండో వారమే అయిపోయేది.

రెండో_ముద్రణ
ఏవా కథకి కాలం తెలియకపోతే సగం జారిపోతుంది. హెచ్ఐవికి మొదటి మందు ఏజెడ్‌టీ 1987లో వచ్చింది. మందులు కలిపి ఇచ్చి ప్రాణం నిలబెట్టే చికిత్స గట్టిగా మొదలైంది 1996లో. పుస్తకం వచ్చింది ఆ మరుసటేడు. అంటే ఏవా బుర్రలో హెచ్ఐవి అంటే ఇంకా రోజులు లెక్కపెట్టుకోవడమే. "మాత్ర వేసుకుని మామూలుగా బతకొచ్చుగా" అని ఇప్పటి పాఠకులు విసుక్కునేది ఇక్కడే. మీటింగు మొదట్లోనే ఈ తేదీలు చెప్పేయండి.
ఊరూ నిజమైనదే. మిషిగన్ రాష్ట్రం లేక్ కౌంటీలో ఐడిల్‌వైల్డ్. మిగతా విహారస్థలాల్లో గడప తొక్కనివ్వని రోజుల్లో, 1912 నుంచి, నల్లవాళ్లు సెలవులకి వెళ్లిన చోటు. నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ కూడా అక్కడ స్థలం కొన్నాడు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక ఎక్కడికైనా పోయే వీలు దొరికింది, ఐడిల్‌వైల్డ్ పలచబడిపోయింది. అట్లాంటాలో సెలూన్ అమ్మేసి వచ్చిన ఏవాని క్లీజ్ దించింది అలాంటి ఊళ్లో. ఊరు, మనిషి ఇద్దరూ కోలుకోవాల్సినవాళ్లే.

అరఠావు
ఏవా సంగతిలో తప్పు ఒప్పుకున్నా. మరి రెజీనా? "సమ్ థింగ్స్ ఐ నెవర్ థాట్ ఐడ్ డూ" (2003). ఆమె రీహాబ్ (మత్తు మాన్పించే కేంద్రం) నుంచి బయటికొచ్చాకే కథ మొదలు. కష్టమైన భాగం తెర వెనక, ప్రియుడు బ్లూ హామిల్టన్ తెర ముందు.

ఖాళీ_జేబు
+1. బ్లూ మీద నాకు ఇంకో పేచీ. అట్లాంటా వెస్ట్ ఎండ్‌లో ఆడవాళ్లు అర్ధరాత్రి ధైర్యంగా నడుస్తారు, సరే. దానికి కారణం ఇరుగుపొరుగా? బ్లూ, అతని మనుషులు. దీన్ని సమాజం అంటారా, పేట దాదా అంటారా?

నల్లసిరా
ఆ అనుమానం క్లీజ్‌కీ వచ్చింది. "బేబీ బ్రదర్స్ బ్లూస్" (2006) తీయండి, ఆ కాపలాకి ఎవరు ఎంత చెల్లించారో అందులో ఉంది.

ఖాళీ_జేబు
మూడేళ్ల తర్వాత వచ్చిన పుస్తకం ముందుదాన్ని కడిగెయ్యదు సార్.

తాటాకు
అరఠావు గారి ఫిర్యాదులో రెండు మాటలు కలిసిపోయాయి. మానడం వేరు, కోలుకోవడం వేరు. మందు మానేశాడంటే గ్లాసు దింపాడని. కోలుకున్నాడంటే టైఫాయిడ్ తర్వాత అన్నం సయించిందన్నట్టు, ఇంకా నీరసం ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రీహాబ్ చేసేది మొదటిది. ఈ నవలలు ఎత్తుకునేది రెండోది. కాబట్టి రెజీనా రీహాబ్ తెర వెనక ఉండటం తప్పు కాదు. తప్పెక్కడంటే, మళ్లీ జారిపడే భయం కథలో బరువుగా లేకపోవడం. అది లేకపోతే మగాడు వచ్చాడు కాబట్టి బాగుపడింది అనిపించి తీరుతుంది.
జారుడు చూడాలంటే జేమ్స్ మెక్‌బ్రైడ్ "డీకన్ కింగ్ కాంగ్" (2020). 1969, బ్రూక్లిన్‌లో కాజ్ హౌసెస్ అనే ప్రభుత్వ క్వార్టర్లు. ముసలి డీకన్ (చర్చి పెద్ద) స్పోర్ట్‌కోట్ తాగేది స్నేహితుడు కాచే నాటుసారా, దాని పేరే కింగ్ కాంగ్. ఆ మత్తులో డీమ్స్ అనే కుర్రాణ్ని కాలుస్తాడు. ఒకప్పుడు తనే బేస్‌బాల్ నేర్పిన పిల్లాడు, ఇప్పుడు హెరాయిన్ అమ్ముతున్నాడు. కుర్రాడికి చెవి పోతుంది. స్పోర్ట్‌కోట్‌కి కాల్చినట్టు గుర్తే లేదు. చచ్చిపోయిన భార్య హెట్టీ ఎదురొచ్చి వాదన పెట్టుకుంటూ ఉంటుంది. తాగుడు ఎప్పుడు వదిలాడన్నది ఉపన్యాసం లేకుండా జరిగిపోతుంది. నవ్విస్తూ ఉంటాడు కాబట్టి రెండో వారానికి పెట్టుకోండి.

పెసరట్టు_ఫుట్‌నోట్
చనిపోయాక కూడా మొగుణ్ని వదలని ఇల్లాలు. సముద్రాలు దాటినా మారని సంగతులు కొన్ని ఉంటాయి.

బొంతకుట్టు
ఎవరు ఎవర్ని ప్రేమించారు అన్నది పక్కన పెట్టి చేతుల్ని చూడండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. తిండి పెట్టింది ఎవరు, ఒళ్లు కడిగింది ఎవరు, రాత్రి కాపలా కూర్చున్నది ఎవరు, డబ్బు కట్టింది ఎవరు. ప్రతి నవలకీ నింపండి. ప్రియుడి పేరు ఎన్ని గళ్లల్లో పడిందో లెక్క తీయండి.
"ద విమెన్ ఆఫ్ బ్రూస్టర్ ప్లేస్" (గ్లోరియా నేలర్, 1982)లో సీయల్ పసిపిల్ల ప్లగ్గులో ఫోర్కు పెట్టి చనిపోతుంది. తల్లి అన్నం మానేసి ఎండిపోతుంటే మ్యాటీ మంచం మీద కూర్చుని ఒళ్లోకి లాక్కుని ఊపుతుంది. ఊపుతూనే ఉంటుంది. సీయల్ లోపలున్నదంతా కక్కాక స్నానం చేయిస్తుంది, ఒక్కొక్క అవయవమే, పసిబిడ్డకి పోసినట్టు. మొగుడు యూజీన్ ఆ గదిలో లేడు. నాలుగు గళ్లల్లో మూడు మ్యాటీవే.
టోనీ మోరిసన్ "హోమ్" (2012) ఇంకా ఘాటు. ఒక డాక్టరు ప్రయోగాలకి గురై చావు దాకా వెళ్లిన సీని అన్న ఫ్రాంక్ మోసుకొస్తాడు, జార్జియాలో లోటస్ అనే పల్లెకి. తెచ్చాడు కదా, ఇక అతని పాత్ర ఉంటుందనుకుంటాం. ఊరి పెద్దావిడ ఎతెల్ ఫోర్డమ్ గుమ్మంలోకి కూడా రానివ్వదు, మగగాలి తగిలితే ఆమెకి మంచిది కాదని. ఊళ్లో ఆడవాళ్లు రెండు నెలలు వంతులేసుకుని చూస్తారు. రక్తం ఆపడం, ఇన్‌ఫెక్షన్ తీయడం, చివర్లో ఒంటిని నేరుగా ఎండకి పెట్టడం, రోజుకి కనీసం గంట. జాలిమాటలు లేవు, తిట్లున్నాయి. ఆ డాక్టర్ని ఎందుకు నమ్మావని చీవాట్లు పెడుతూనే కట్టు మారుస్తారు.
పిల్లలు పుట్టరని తెలిసి సీ ఏడుస్తుంది. అన్న ఏడవొద్దంటాడు. ఎందుకు ఏడవకూడదు, నా బాధ నేను పడతాను అంటుంది. నా దృష్టిలో కోలుకోవడం అదీ. ఏడుపు ఆగడం కాదు, తన ఏడుపు తను ఏడవగలగడం. పుస్తకం నూట యాభై పేజీలు కూడా లేదు, మొదటి వారం ఇదే పెట్టండి.

ఖాళీ_జేబు
గళ్ల పద్ధతి బావుంది కానీ ఆడవాళ్ల చేతుల మీదే బరువంతా వేసి పూజ చేస్తున్నట్టు లేదా? మ్యాటీని ఎవరు ఊపుతారు? బ్రూస్టర్ ప్లేస్ చివర, వీధిని మూసేసిన గోడ కూల్చేది కూడా మ్యాటీ కలలోనే, నిజంగా కాదు.

బొంతకుట్టు
మంచి ప్రశ్న, ఐదో గడి గీయండి. ఆ చేసినవాళ్లని చూసుకున్నది ఎవరు? చాలా పుస్తకాల్లో అది ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీ మీద ఒక మీటింగు మొత్తం మాట్లాడొచ్చు.

రెండో_ముద్రణ
మగవాడి చేతులకీ పని చెప్పిన పుస్తకం "మామా డే" (నేలర్, 1988). *కథ తెలియకూడదనుకునేవాళ్లు కిందికి జరగండి.* విల్లో స్ప్రింగ్స్ ద్వీపం, సౌత్ కరోలినాకీ జార్జియాకీ మధ్య, ఏ రాష్ట్రానికీ చెందదు. కోకోకి ప్రాణం మీదికొస్తుంది. ఆమెకి అమ్మమ్మ వరసయ్యే మామా డే, కోకో మొగుడు జార్జ్‌ని కోళ్లగూటికి పంపుతుంది, అక్కడ ఏది దొరికితే అది పట్టుకురా అని. అతను ఇంజనీరు, గుండె బలహీనం. పొదిగే కోడి మీద పడి చీరుతుంటే వెతుకుతాడు, ఏమీ దొరకదు. కావలసింది అతని ఉత్త చేతులే. అది అతనికి ఎక్కదు. వస్తువేదో ఉండాలి, పనిముట్టు ఉండాలి. కోకో బతుకుతుంది, జార్జ్ పోతాడు. ప్రేమ యాంటీబయాటిక్కా అన్న ప్రశ్నకి నేలర్ జవాబు, పనిచేస్తుంది కానీ ఒంటరిగా వాడితే వాడినవాడు పోతాడు.

పెసరట్టు_ఫుట్‌నోట్
కిందికి జరగమన్నారు, జరగలేదు, చదివేశాను. తప్పు నాదే.

కొత్తగా_చేరా
నాలాంటివాళ్లకి తెలుగులో తెలిసింది సహవాసి గారి "ఏడు తరాలు" ఒక్కటే. నల్లవాళ్ల నవలంటే ఓడలు, గొలుసులు అనుకున్నా. సెలూన్లు, కుట్టు క్లాసులు ఉంటాయని ఈ చర్చలోనే తెలిసింది.

నల్లసిరా
సెలూన్ ఊరికే రాలేదు. "వెయిటింగ్ టు ఎక్స్‌హేల్" (1992)లో గ్లోరియా నడిపేది సెలూనే. ఇ. లిన్ హారిస్ తన మొదటి నవల 1991లో సొంతంగా అచ్చు వేయించి సెలూన్లలో పెట్టి అమ్మాడు. పాఠకులు కూర్చునే చోటికి పుస్తకం వెళ్లింది.
అరఠావు గారూ, మీరు చదివిన మెక్‌మిలన్ ఇదే అయితే మళ్లీ చూడండి. నలుగురు స్నేహితురాళ్లలో సవానా చివరికి ఏ మగాడూ లేకుండానే నిలబడుతుంది. గ్లోరియాకి గుండెపోటు వస్తే ఆసుపత్రికి పరిగెత్తేది మిగతా ముగ్గురు. బొంతకుట్టు గళ్లల్లో వేసి చూడండి.

తాటాకు
జైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1986 అమెరికా చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ (పొగ పీల్చే రకం కొకైన్) అమ్ముతూ దొరికితే కనీసం ఐదేళ్లు. అదే ఐదేళ్లు పడాలంటే పొడి కొకైన్ 500 గ్రాములు ఉండాలి. నూటికి ఒకటి నిష్పత్తి. 2010లో దాన్ని 18కి ఒకటి చేశారు, క్రాక్ 28 గ్రాములకి పెరిగింది. క్రాక్ కేసుల్లో ఎక్కువగా లోపలికి వెళ్లింది నల్లవాళ్లు. ఈ లెక్క తెలిస్తే 90ల నవలల్లో సగం మంది మగవాళ్లు ఎందుకు కనపడరో, తిరిగొచ్చినవాళ్ల చుట్టూ అంత మౌనం ఎందుకో తెలుస్తుంది.
తయారీ జోన్స్ "యాన్ అమెరికన్ మ్యారేజ్" (2018)లో కేసు మత్తుది కాదు. రాయ్ మీద చెయ్యని నేరం పడుతుంది, పన్నెండేళ్లు శిక్ష, ఐదేళ్లకి బయటికొస్తాడు. నడుమ భాగం ఉత్తరాల్లో నడుస్తుంది. ఉత్తరాలు ఎక్కడ పలచబడతాయో, సంబోధన ఎలా మారుతుందో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ చదవండి. పెళ్లి ఎక్కడ తెగిందో ఏ పాత్రా చెప్పకముందే తెలుస్తుంది.

పెసరట్టు_ఫుట్‌నోట్
రచయిత్రి పేరు తయారీ అని చూసి ఆవకాయ తయారీ పక్కన పెట్టారట ఒక ఆన్‌లైన్ జాబితాలో. (పెట్టలేదు. పెడితే బావుండేది.)

కొత్తగా_చేరా
ఇవి తెలుగులోకి వస్తే యాస ఏం చేస్తారు? ఇంగ్లీషులో వాళ్ల మాట వేరుగా ఉంటుంది కదా.

తాటాకు
వస్తే పడే గొయ్యి అదే. "షీ ఎ టీచర్" అని క్రియ లేకుండా అనడం ఇంగ్లీషులో వేరే యాస. తెలుగులో "ఆవిడ టీచరు" పుస్తక భాషే. అంటే ఆ తేడా తెలుగులో మాయం, దాని వెంట పడి లాభం లేదు. దక్కేది వేరే ఉంది. "హీ వర్కింగ్" అంటే ఇప్పుడు పనిలో ఉన్నాడు. "హీ బీ వర్కింగ్" అంటే అదే అతని అలవాటు. చాలామంది రెండింటికీ "పని చేస్తున్నాడు" అని వేసేస్తారు, అర్థం పోతుంది. రెండోదానికి "చేస్తూ ఉంటాడు" అనాలి. "హీ బిన్ మ్యారీడ్" అని బిన్ మీద ఒత్తితే "పెళ్లెప్పుడో అయింది, ఇంకా ఉంది" అని.

ఖాళీ_జేబు
తెలంగాణ యాసో, శ్రీకాకుళం యాసో పెట్టేస్తే సరి.

బొంతకుట్టు
వద్దు బాబోయ్. సినిమాలు ఆ యాసల్ని నౌకర్లకీ కామెడీకీ కట్టేశాయి. ఎతెల్ ఫోర్డమ్ నోట అది పెడితే పాఠకులు నవ్వడానికి సిద్ధమైపోతారు. ఆవిడ ఆ ఊరి పెద్ద దిక్కు. వాక్యాలు పొట్టిగా, తిట్టు ముందు, ప్రేమ తర్వాత, అలా లయలో పట్టుకోవాలి.

ఖాళీ_జేబు
యాసలో రాస్తే నవ్వుతారు కాబట్టి రాయొద్దంటే ఇక ఎప్పటికీ నవ్వుతూనే ఉంటారు. తెలంగాణ కథకులు దశాబ్దాలుగా ఆ భాషలోనే కన్నీళ్లు పెట్టించారు.

బొంతకుట్టు
ఆ కథలు ఆ నేలవి. జార్జియా ఆవిడకి కరీంనగర్ అరువిస్తే రెండు నేలలూ పోతాయి. ఇక్కడ మనకి కుదరదు, వదిలేద్దాం.

రెండో_ముద్రణ
పిలుపుల దగ్గరా చూసుకోవాలి. "మిస్ ఎతెల్"లో మిస్ పెళ్లి కాలేదని కాదు, దక్షిణాదిలో పెద్దావిడకి ఇచ్చే మర్యాద. "కుమారి ఎతెల్" అని వేశారంటే అంతే సంగతులు.

పెసరట్టు_ఫుట్‌నోట్
ఎతెలమ్మ?

రెండో_ముద్రణ
తెనాలి రైలు దిగినట్టుంది. "ఎతెల్ గారు" చాలు.
చర్చి మాటలకి మాత్రం మన దగ్గర సరుకు సిద్ధంగా ఉంది. "టెస్టిఫై" అంటే నిఘంటువు చూసి వాంగ్మూలం అని రాయకండి, అది కోర్టు. తెలుగు సంఘాల్లో ఆదివారం లేచి చెప్పేది "సాక్ష్యం". సిస్టర్, బ్రదర్ అలాగే ఉంచండి, మనవాళ్లూ అలాగే పిలుచుకుంటారు. బ్రిట్ బెన్నెట్ "ద మదర్స్" (2016) తెలుగులోకి తెస్తే ఇది తప్పనిసరి. కాలిఫోర్నియా ఓషన్‌సైడ్‌లో అప్పర్ రూమ్ చర్చి, కథ చెప్పేది ఆ చర్చి ముసలమ్మలు, అందరూ కలిసి "మేము" అంటూ. అది ఎదుటివాళ్లని కలపని "మేము". "మనం" అని వేశారంటే కథానాయిక నాడియా గుట్టు గుసగుసలాడే గుంపులోకి పాఠకుల్నీ లాగేసినట్టే. ఇంగ్లీషుకి ఒకటే మాట, మనకి రెండున్నాయి. ఎక్కడైనా ఒకచోట కావాలనే "మనం" వాడొచ్చేమో కూడా.

అరఠావు
ఆ చర్చి సమాజం కోలుకోనిస్తుందా, కోలుకోనివ్వదా?

రెండో_ముద్రణ
కోలుకోనివ్వదు. అందుకే జాబితాలో ఉండాలి. సమాజం అంటే ఎప్పుడూ మ్యాటీయే కాదు.

నల్లసిరా
చివరి వారానికి టోనీ కేడ్ బాంబారా "ద సాల్ట్ ఈటర్స్" (1980). మోరిసన్ ఎడిట్ చేసిన పుస్తకం. ఉద్యమాల్లో అలిసిపోయిన వెల్మా హెన్రీ ఆత్మహత్యకి ప్రయత్నించి బతికి, ఆసుపత్రి గౌనులో స్టూలు మీద కూర్చుని ఉంటుంది. వైద్యం చేసే మిన్నీ రాన్సమ్ మొదటి వాక్యంలోనే అడుగుతుంది, నిజంగా బాగవ్వాలని ఉందా అని. బాగైతే మళ్లీ బరువు ఎత్తుకోవాలి కదా. చుట్టూ పన్నెండు మంది వలయం కట్టి నిలబడతారు. ఆ కూర్చున్న కాసేపట్లోనే మనసు ఊరంతా, గతమంతా తిరిగొస్తుంది.
జనం ఎక్కువ, కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది, ఎవరూ పరిచయం చెయ్యరు. సగం మంది యాభై పేజీల దగ్గర ఆపేస్తారు. పాత్రల పట్టిక ముందే చేసుకోండి. తప్పిపోయినప్పుడు స్టూలు దగ్గరికి తిరిగొచ్చే పేజీ వెతుక్కోండి, కథకి గుంజ అదే.

అరఠావు
సరే, ఇలా వేశాను. 1 హోమ్. 2 డీకన్ కింగ్ కాంగ్. 3 క్లీజ్ ఏవా కథ, 1987/1996 తేదీలతో. 4 మామా డే. 5 యాన్ అమెరికన్ మ్యారేజ్, పెన్సిల్ తప్పనిసరి. 6 సాల్ట్ ఈటర్స్. బ్రూస్టర్ ప్లేస్ నుంచి సీయల్ అధ్యాయం ఒక్కటే, మొదటి వారంలో హోమ్ పక్కన. ద మదర్స్ బయట ఉండిపోయింది, రెండో_ముద్రణ గారు క్షమించాలి. గళ్లు ఐదు.
ఒక్క సందేహం. హోమ్ చివర సీ కుట్టిన క్విల్ట్‌లో, చిన్నప్పుడు వాళ్లు పూడ్చడం చూసిన మనిషి ఎముకలు చుట్టి మళ్లీ పూడుస్తారు కదా, తెలుగులో చెప్పుకునేటప్పుడు దుప్పటి అనొచ్చా?

బొంతకుట్టు
దుప్పటి కొంటారు. బొంత అనండి. అది ఆమె మొదటిసారి కుట్టినది, పనితనం అంతంతమాత్రమే. ఆ సంగతి మీటింగులో వదిలెయ్యొద్దు.

ఖాళీ_జేబు
క్లీజ్ మూడో వారం పెట్టారు కాబట్టి బ్లూ గొడవ మిగిలే ఉంది.

నల్లసిరా
"బేబీ బ్రదర్స్ బ్లూస్" చదివి రండి, అప్పుడు చూసుకుందాం.